జాలీ ఎనుక గోల్‌కీపర్

మొన్న ఇబ్రహీంపట్నంల జరిగిన సన్మానం గంటన్నర ఎందుకు లేటయిందో తలుచుకొని ఊరోళ్లు ఇంకా నవ్వుకుంటున్నరు. వాళ్లు చెప్తే ఇంకింత మసాలా కలుపుతరు, అందుకే నేనే చెప్తున్న.

ఇండియా హాకీ టీం గోల్‌కీపర్, మన హైదరాబాద్ పిల్లే, కాలేజీ గ్రౌండ్‌కు వస్తున్నది. పేపర్లన్నిట్ల ఆమె ముచ్చటనే. సాగర్ రోడ్డు కాడ ఎదురుకొని తీస్కొచ్చే పని సన్మానం కమిటీ నాకిచ్చింది. ఫ్లెక్సీ గూడ నేనే కొట్టించిన. నాలుగు ఫొటోలిస్తే హెల్మెట్, దానికి మొఖం మీద ఇనుప జాలీ, కాళ్లకు ఇంతింత ప్యాడ్లు ఉన్నది ఏరిన. మస్తు దర్జాగ కనిపిచ్చింది. మొఖం కనిపిస్తలేదన్న సోయి అప్పుడు లేదు.

నా అసలు ధందా ప్లాట్లమ్ముడు. ఫ్లెక్సీని ఆ రోడ్డు మీదనే ఉన్న మా వెంచర్ కమాన్ పక్కనే కట్టించి, శాలువ సంచిల పెట్టుకొని ఎదురుచూస్తున్న. ఒక్క కాడ కాలు నిలుస్తలేదు. అటు పదడుగులు, ఇటు పదడుగులు. మేడం రాకపోతే, కమిటీల నా ఇజ్జత్ ఏం గావాలె? నా లెక్కల మూడు కార్లు, ముంగట పోలీసు జీపు రావాలె.

గంతల ఒక చిన్న కారు ఆగింది. సాదా చుడీదార్ల ఒక అమ్మాయి దిగి, కాలేజీ గ్రౌండ్ ఎటు అంకుల్ అని అడిగింది. కమాన్ కాడ కారు దిగినోళ్లు ఎవరైనా మాకు కస్టమరే. గ్రౌండ్ ఏడికి పోదు, ముందు సైటు చూడమ్మా అని లోపలికి తోల్కపోయిన. తూర్పు మొఖం ప్లాట్లు, పార్కు వచ్చే జాగ, అన్ని నడిపిచ్చి చూపిచ్చిన. టైం అయితుంది అంకుల్ అన్నది. మా ధందాల ఆ మాటన్నరంటే బేరం మొదలుపెట్టిన్రన్నట్టు. ఇంకో కార్నర్ బిట్టు చూపిచ్చిన.

కమిటీ ప్రెసిడెంట్ నర్సింహన్న ఒకటే ఫోన్లు. పిల్లలు ఎండల మాడుతున్నరు, బ్యాండోళ్లు పోతమంటున్నరు, మేడం ఏదని. కమాన్ మీదనే నా కన్నున్నదన్నా, ఈగను గూడ పోనియ్యలే అని చెప్పిన.

నాకు ఆ అమ్మాయి మీద చిరాకొచ్చింది. "జల్ది తేల్చు బిడ్డా, నాకు పెద్ద వీఐపీ వచ్చేదున్నది."

"ఎవరు అంకుల్?"

దూరంకెల్లే ఫ్లెక్సీ చూపిచ్చిన. ఆమె జరసేపు చూసి, నవ్వాపుకొని, "ఆ జాలీ ఎనుక ఉన్నది నేనే" అన్నది.

శాలువ ఎట్ల తీసిన్నో తెల్వదు, డెబ్బై రెండో నంబర్ ప్లాటులనే కప్పిన.

గ్రౌండ్‌ల కారు దిగంగనే పిల్లలు పేరు వెట్టి పిలుసుకుంట ఉరికొచ్చిన్రు. చిన్న చిన్న పిల్లలు. ఒక్కరు గూడ హెల్మెట్ ఏదని అడగలే. ఆమె మైకు పట్టుకొని, "ఎదుటి టీమును ఆపుడు నా పని. నన్నే గంటన్నర ఆపినోడు ఈ అంకుల్ ఒక్కడే" అన్నది. నర్సింహన్న నన్ను చూసిన చూపు నేను చెప్ప.

ఇప్పుడు బస్ డిపో కాడ చాయ్ తాగబోతే, గోల్‌కీపర్ వచ్చిండు, జరగుండ్రి అంటున్నరు. పుట్టినకాంచి హాకీ కట్టె ముట్టలే, పేరు మాత్రం మస్తు వచ్చింది. డెబ్బై రెండో నంబర్ ప్లాటు ఇంకా అట్లనే ఉన్నది.