నిలబడి విన్న అగ్నిపర్వతాలు

ఆ రోజుల్లో నాకు బడి అంటే మా వంటిల్లే. అల్లం చెక్కు తీస్తూ అమ్మ ప్రశ్నలడిగేది, రొట్టెలు కాలుస్తూ నేను జవాబులు చెప్పేదాన్ని. పరీక్షలన్నీ బయటి నుంచే రాసి గట్టెక్కాను. తరగతి గది ముఖమే చూడని పిల్ల టీచరు కావాలనుకోవడం వింతే. అయినా ప్రభువు దయవల్ల జహీరాబాద్‌లో హైవే పక్కనున్న చిన్న బడివాళ్లు పిలిచారు. ఒక పాఠం చెప్పి చూపించాలి, నచ్చితే ఉద్యోగం. నాన్న పనికి పోలేక మంచాన ఉన్నారు. ఆ ఉద్యోగం రాకపోతే ఇల్లు గడవదు.

పాఠం అగ్నిపర్వతాలు. పెద్దసారు చివరి బెంచీలో కూర్చున్నారు. నేను అడుగుపెట్టగానే పిల్లలంతా లేచి "గుడ్ మార్నింగ్ టీచర్" అని రాగం తీశారు. (మా ఇంట్లో అందరం లేచి నిలబడేది ప్రార్థనకే, ఆమెన్ అనగానే ఎవరికి వారే కూర్చుంటాం.) వీళ్లు కూర్చోలేదు. బళ్లో పాఠం నిలబడే వింటారు కాబోలు, ఎంత భక్తి అని మురిసిపోయి మొదలుపెట్టేశాను.

భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉంటుందని, అవి మెల్లగా కదులుతాయని చెబుతుంటే పిల్లలు ఒకరి మీద ఒకరు ఒరగసాగారు. అదే అదనుగా ఒక వరుసను సముద్రపు పలక, ఎదుటి వరుసను నేల పలక చేసి నెట్టుకోమన్నాను. సముద్రపు పలక బరువు కనుక వంగి నేల పలక కిందికి దూరాలి. అప్పుడు లోతున రాయి కరిగి, సందు దొరికిన చోట పైకి తన్నుకొస్తుంది. వంగమన్నదే తడవు, సముద్రమంతా హమ్మయ్య అంటూ నేల మీద కూలబడింది. ఎంత బతిమాలినా లేవదు. మిగిలినవాళ్లను పసిఫిక్ చుట్టూ ఉండే జపాన్, ఇండోనేషియా, చిలీలుగా గోడల వెంట నిలబెట్టాను. మన అండమాన్ సముద్రంలోని బారెన్ దీవిగా ఒకడిని కిటికీ దగ్గర ఒంటరిగా ఉంచాను.

ముందు వరుసలోని రెండు జడల పిల్ల కాలు మార్చి కాలు మీద నిలబడుతూ అడిగింది. "టీచర్, మన జహీరాబాద్ కింద గూడ నిప్పున్నదా?"

"ఇప్పుడు లేదు బిడ్డా. ఎన్నడో లావా పారి సల్లారింది. మన నల్లరేగడి గా రాయి అరిగి అయిందే."

"అయితే ఫికర్ లేదు టీచర్. లావా గూడ ఎప్పుడో కూసున్నది, మేమే ఇంక నిలవడ్డం."

తరగతంతా గొల్లుమంది. పెద్దసారు కళ్లు తుడుచుకుంటూ, "జర కూసోమని చెప్పమ్మా. నువ్వు చెప్పనిది వాళ్లు కూసోరు" అన్నారు. నాకు ముఖం ఎర్రబడింది, ఉద్యోగం పోయిందనుకున్నాను. కూర్చోండి అన్నాను. అందరూ ఒక్కసారి బెంచీల మీద పడ్డ చప్పుడుకు హైవే మీది లారీల మోత కూడా వినిపించలేదు.

"నిలవెట్టి గూడ నవ్వించినవ్. సోమారం నుంచి రా" అన్నారాయన. ఆ రాత్రి మా ఇంట్లో అందరం ప్రార్థనలో చాలాసేపు నిలబడ్డాం. ఎవరికీ కాళ్లు నొప్పెట్టలేదు.

ఏళ్లు గడిచాక, మొన్న చిరాగ్‌పల్లికి పోయే బస్సులో చోటు లేక వేలాడుతుంటే, ఒక చంటిబిడ్డ తల్లి నాకు చోటివ్వడానికి లేవబోయింది. నేను వద్దన్నాను. ఆమె ముఖంలో ఆనాటి రెండు జడల పిల్ల పోలిక అప్పుడు గుర్తుపట్టాను. బిడ్డను చంకన వేసుకుని లేచి నిలబడి, నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"మీరు కూసోండి టీచర్. నిలవడుడు మాకు మీరు నేర్పిందే గదా."