పారకు అంటిన మట్టి

మట్టికి కూడా అనుమతి కావాలని నాకు హిందూపురం పోయాకే తెలిసింది. తెనాలి నుంచి వెళ్లి, అక్కడొక ఫ్యాక్టరీ బొమ్మ గీస్తున్నాను. రంగులతోపాటు ఆ చోటి మట్టినీ కాన్వాసుకు అంటించడం నా పద్ధతి. కంచె కింద చెయ్యి పెట్టి పిడికెడు తీయబోతే సెక్యూరిటీ ఆయన పరుగున వచ్చాడు.

“తీయొద్దు మేడమ్, కంపెనీది.”

“పిడికెడు మట్టికి ఎవరి సంతకం కావాలయ్యా?” అని లేచాను.

ఎదురింటి అరుగు మీదున్న అవ్వ నన్నే తిట్టింది. “ఏమ్మా, చదువుకున్నదానివి, దానికోసమా కొట్లాడతాండావు? అది యాడిదో! లారీలతో తెచ్చి నా శెనక్కాయ చేను మీద పోసినారు. నా మట్టి దాని అడుగున ఉండాది.”

ఒళ్లు మండిపోయింది. ఎక్కడి మట్టికో కాపలా కాసేవాడు ఆయన, దాన్నే ఈ ఊరి మట్టని అంటించబోయినదాన్ని నేను!

అవ్వ లోపలికి పోయి పాత పార తెచ్చింది. చేను పోయాక దాన్ని కడగనే లేదట. అంచుకు అంటి ఎండిన ఎర్రమట్టిని గోటితో గీకి నా అరచేతిలో వేసింది. చిటికెడు కూడా లేదు.

“ఎక్కడ అంటించమంటావవ్వా?” అన్నాను.

బొమ్మలో సెక్యూరిటీ గది మీద వేలు పెట్టింది. “ఈడ.”

“మేడమ్, అది మా ఆఫీసు” అన్నాడాయన.

“బొమ్మలో అది అవ్వ చేను” అని బంక పూశాను.