నల్లాలో కరెంటు

కాకినాడ వదిలి మొయినాబాద్‌లో ఒక ఇంటి మేడ మీద కిరాయికి దిగిన మూడో రోజే, వంటింటి కుళాయి పట్టుకుంటే చేయి జివ్వుమంది. నా భ్రమేమో అనుకున్నాను. మర్నాడు వాషింగ్ మెషీన్ పైపు బిగిస్తుంటే మళ్లీ అదే. కింద ఉండే ఇంటాయనకు చెప్పాను.

"నల్లాల కరెంటు ఏడికెళ్లి వస్తదమ్మా? చెప్పులేసుకొని ముట్టుండ్రి, ఏం కాదు," అన్నాడు.

రెండోసారి చెప్తే చేవెళ్లలో ఉన్న ఎలక్ట్రీషియన్ నంబరిచ్చాడు. ఎప్పుడు ఫోన్ చేసినా "తొవ్వల ఉన్న, వస్తున్న మేడమ్" అనేవాడు తప్ప రాలేదు. మా ఊళ్లో అయితే ఎవర్ని పిలవాలో తెలుసు. ఇక్కడ నాకెవరూ తెలియదు. గట్టిగా అడిగితే ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని భయం. రబ్బరు చెప్పులతోనే గిన్నెలు తోముకున్నాను.

ఆదివారం పొద్దున బట్టలు ఆరేస్తుంటే కింద బాత్‌రూమ్‌లో బకెట్ పడిన చప్పుడైంది. వెంటనే ఇంటాయన తల్లి మూలుగు. గబగబా మెట్లు దిగాను. అవ్వ తడినేల మీద కూలబడి ఉంది. కుడిచేయి నల్లాకు అతుక్కుపోయింది. ఇంటాయన "అవ్వా!" అంటూ లోపలికి ఉరికాడు.

"ముట్టుకోకండి!" అని అరిచి ఆయన చొక్కా పట్టి వెనక్కి లాగాను. మెయిన్ స్విచ్ పెట్టె మెట్ల కింద ఉంది. దాని మూత తుప్పుపట్టి రాలేదు. రెండు చేతులతో గుంజితే గోరు విరిగింది, మూత తెరుచుకుంది. మెయిన్ దించి వెనక్కి చూసేసరికి అవ్వ కొడుకు ఒళ్లో ఉంది. ఊపిరాడుతోంది.

దవాఖానలో సాయంత్రం దాకా ఉంచి పంపారు. అరచేతిలో కాలిన గాయం.

"ఎవరో గట్టిగ పట్టుకున్నట్టే ఉండె బిడ్డా. ఇడిపించుకుందామంటే రాలే," అంది అవ్వ.

మర్నాడు వేరే ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. కింది బాత్‌రూమ్ గీజర్ పాడై, ఇంటి పైపులన్నిటి నీళ్లలోకి కరెంటు వస్తోంది. గేటు కోసం తవ్వినప్పుడు ఎర్త్ వైరు తెగిపోయింది. ఇంటాయన అరుగు మీద తలదించుకుని కూర్చున్నాడు.

"మీరు చెప్తనే ఉన్నరమ్మా. నేనే ఇనలే."

ఆయనకు రెండుసార్లు చెప్పిన నేను, రోజూ ఎదురుపడే అవ్వకు ఒక్కసారీ జాగ్రత్త చెప్పలేదు.

అన్నీ బాగుచేయించాక కూడా అవ్వ ఆ నల్లా ముట్టలేదు. పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగబెట్టుకునేది. ఆమె చేతి గాయం మానేదాకా ఆ నీళ్లు నేనే మోశాను.