చెవి దగ్గర ఎండుమిరపకాయ

మా మేడం గారు పోయారని మంగళవారం పొద్దున వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. నేనప్పుడు గుంటూరు బ్రాడీపేటలో మా ఆఫీసు మెట్లెక్కుతున్నాను. నిద్రలోనే వెళ్లిపోయారట. ఎవరినీ మంచినీళ్లు కూడా అడగని మనిషి, పోవడం కూడా అలాగే పోయారు.

ఆవిడ మొక్కల శాస్త్రవేత్త. ఉద్యోగంలో సగానికి పైగా మిరప వంగడాల మీదే గడిపారు. అలాంటి మనిషి అది మానేసి, రైతుల ఫోన్లకు వాతావరణ కబురు పంపే మా చిన్న కంపెనీకి పెద్ద దిక్కుగా వచ్చారు. "మొక్కల డాక్టరమ్మకి మబ్బులతో ఏం పనండీ?" అని ఎదురుగానే అడిగాను. నాకు నోటి దురుసు ఎక్కువ.

"మంచి విత్తనం ఇచ్చాను. రైతు మంచి కాయ పండించాడు. తీరా కల్లంలో ఆరబోస్తే అకాల వాన వచ్చి ముంచింది. ఇంకా విత్తనం దగ్గరే కూర్చుని ఏం చేయనయ్యా?" అన్నారు.

ఆవిడ సంచిలో ఎప్పుడూ నాలుగు ఎండుమిరపకాయలుండేవి. మాటల మధ్యలో ఒకటి తీసి చెవి దగ్గర ఆడించేవారు. లోపల గింజలు గలగలమంటే కాయ ఎండినట్టు. నేను తెర మీద రంగురంగుల మ్యాపులు చూపిస్తుంటే కూడా అదే పని. నాకు ఒళ్లు మండేది.

రెండేళ్ల కిందట కోతల రోజుల్లో, వాన లేదని మెసేజ్ పంపాను. ఒంగోలు అవతల ఒక ఊరి నుంచి ఒక రైతక్క ఫోన్ చేసింది. "తూర్పు గాలి తిరిగింది అబ్బాయ్. నిజంగా రాదంటావా?" అంది. "కంప్యూటర్ కంటే నీకు ఎక్కువ తెలుసా అక్కా?" అని నవ్వాను. ఆమె నా మాట నమ్మి, టార్పాలిన్లు ఇంట్లోనే వదిలి చేలో కోతకు వెళ్లింది. మధ్యాహ్నం కల్లంలో ఆరబోసిన కాయ మీద వాన దంచేసింది.

మర్నాడు మేడం గారు నన్ను వెంటబెట్టుకుని ఆ కల్లానికి వెళ్లారు. తడిసిన కాయ అప్పటికే రంగు తిరుగుతోంది. ఆ అక్క అరవలేదు. "మీ కబుర్లు రాకముందే నయమండీ. అప్పుడు ఆకాశం నేనే చూసుకునేదాన్ని" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"తప్పు నాదేనమ్మా, మా కబురుకి పెద్దని నేను" అన్నారు మేడం గారు. చెప్పి కారెక్కలేదు. చీర కుచ్చెళ్లు దోపుకుని ఆడవాళ్ల మధ్య కూర్చుని, చెడిన తాలు కాయలు ఏరారు. సాయంత్రం దాకా నేనూ ఏరాను. చేతులు మండుతూనే ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు ఒక్క మాటే అన్నారు: "ఆమెకేం కనిపిస్తోందో అడిగితే నీ నోటి ముత్యాలు రాలతాయా?"

ఆ రోజు నుంచి మాకొక పద్ధతి వచ్చింది. ముందు ఊళ్లకు ఫోన్ చేసి గాలీ మబ్బూ ఎలా ఉన్నాయో అడగాలి, ఆ తర్వాతే కబురు పంపాలి. ఆ అక్కకు మాత్రం మేడం గారే చేసేవారు. చివర్లో, "ఏదీ, ఒక కాయ ఆడించి వినిపించు" అనేవారు. అప్పుడు ఆవిడ మొహం చూడాలి, చంటిపిల్ల గిలక్కాయ విన్నట్టు ఉండేది.

ఆ మంగళవారం మేమెవరమూ ఏ ఊరికీ ఫోన్ చేయలేదు. మధ్యాహ్నం ఆ అక్కే చేసింది.

"ఇవాళ మేడం గారు అడగలేదేంటి అబ్బాయ్?"

చెప్పాను. అటు నుంచి ఏడుపు వినిపించి నాకూ కన్నీళ్లు ఆగలేదు.

"తూర్పున మబ్బేసింది. టార్పాలిన్లు కప్పేశాం" అంది చివరికి. "ఇంద, ఆవిడ బదులు నువ్వు విను."

ఫోన్లో గింజలు గలగలమన్నాయి.