మూడు గీతల తీపి

మా అక్క గురించి చెప్పమంటే నాకు ముందు కోపమే వస్తుంది. ప్రేమ లేక కాదు. ఒక తల్లి కడుపున పుట్టి, ఒకే దుప్పటి కింద పడుకుని పెరిగినవాళ్ళం. అయినా ఆమె చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆమె చేత అలా చేయించినవాళ్ళని తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అక్క ఇరవై ఆరేళ్ళుగా ఫ్లేక్స్ ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. పొద్దున పాలలో వేసుకుని తింటారే, ఆ గోధుమ ఫ్లేక్స్. వేయించిన ఫ్లేక్స్ పెద్ద డ్రమ్ములో దొర్లుతుంటే వాటి మీద వేడి పాకం పడేలా చూడటం ఆమె పని. పాకం ట్యాంకు పక్కన ఒక గాజు గొట్టం, దాని మీద ఎర్ర గీతలు ఉంటాయి. ఒక్కో బ్యాచికి ఎన్ని గీతల పాకం దిగాలో చూసుకుని కుళాయి కట్టేయాలి. కోతిబొమ్మ ఉన్న పిల్లల డబ్బాకి నాలుగు గీతలు. గుండెబొమ్మ ఉన్న పెద్దల డబ్బాకి మూడు గీతలు. పందొమ్మిదో ఏట ఆ డ్రమ్ము ముందు నిలబడిన మనిషి నలభై ఐదొచ్చినా అక్కడే ఉంది. రెండు ముంజేతుల మీదా పాకం చిందిన మచ్చలు. డ్యూటీ దిగి వచ్చి యూనిఫారం కొక్కానికి తగిలిస్తే అరగంటలో చీమలు బారు కడతాయి.

ఇంత పాకం పోసే మనిషి పొద్దున ఏం తింటుందో తెలుసా? గేటు పక్క బల్ల మీద కూర్చుని రెండు ఉడికిన గుడ్లు, ఉప్పూ మిరియాలూ అద్దుకుని. పైన గుప్పెడు వేరుశనగలు, చక్కెర లేని టీ. డ్రమ్ము దగ్గర పనిచేసే ఆడవాళ్ళందరిదీ అదే వరస. రోజంతా ఆ వాసన పీల్చి పీల్చి వాళ్ళకి తీపంటేనే కడుపులో తిప్పుతుంది. ఆ తిండి ఒంటికి మంచిదని అక్కకి ఎవరూ చెప్పలేదు. నోరు ఉప్పు కోరింది కాబట్టి తింది. మనిషి చువ్వలా ఉంటుంది.

మరి ఇంట్లోవాళ్ళకి? వాళ్ళకి శనివారం సంచి. వారం చివర డ్రమ్ములు కడిగేటప్పుడు అడుగున అంటుకున్న ముద్దల్ని గీకి తీస్తారు. వాటిని పనివాళ్ళు ఊరికే పట్టుకెళ్ళవచ్చు. తేరగా వచ్చేదాన్ని ఎవరు కాదంటారు? శనివారం సాయంత్రం గేటు దగ్గర సంచులతో బారు తీరేవారు. అక్క అందరికంటే పాతమనిషి కాబట్టి ముందు ఆమె ఎంచుకునేది. ఎప్పుడూ గుండెబొమ్మ డ్రమ్ము ముద్దలే తెచ్చేది. “మూడు గీతలదే తల్లీ, తీపి తక్కువ,” అని నాకూ అంటగట్టబోయేది. నాకు పొద్దున్నే పాలు పడవు. అలా బతికిపోయాను.

మా బావ సిటీ బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్ళలో ఒక్క అద్దం పగలగొట్టిన పాపాన పోలేదు. మలుపు తిప్పేటప్పుడు నిలబడ్డ ముసలివాళ్ళు తూలకూడదని ఆయన పంతం. స్టీరింగు మీద చెయ్యి పడితే తప్ప ఆయనకి తెల్లారినట్టుండదు. అలాంటి మనిషికి, ఏటేటా జరిగే వైద్య పరీక్షలో షుగరు బయటపడింది. పరగడుపున రెండు వందల పది.

“మాత్రలు వేసుకో. నడు. తిండి మార్చు,” అన్నాడు డిపో డాక్టరు. “మూడు నెలల్లో దిగకపోతే నీకు బస్సివ్వను. వెనకాల అరవైమంది కూర్చుంటారు, నీకు కళ్ళు తిరిగితే వాళ్ళ గతేంటి?”

ఆ రోజు నుంచి అక్క ఇంట్లో పోలీసు రాజ్యం పెట్టింది. చక్కెర డబ్బా తెచ్చి మా ఇంట్లో పడేసింది. టీలో ఒక్క చెంచా అడిగితే ఇల్లెగిరిపోయేలా అరిచింది. పక్కింటావిడ కూతురి పుట్టినరోజని కేకు ముక్క పట్టుకొస్తే గుమ్మంలోనే, “ఏమ్మా, మా ఆయన్ని చంపుదామనా?” అని వెనక్కి పంపింది. రాత్రి భోజనం సగం చేసింది. సాయంత్రాలు గంటసేపు నడిపించింది, ఎక్కడా ఆగకుండా వెనకాల తనూ నడిచింది.

పొద్దున మాత్రం పెద్ద గిన్నెడు ముద్దలు, మీద పాలు. “డ్రైవరు ఖాళీ కడుపుతో బండెక్కకూడదు. గోధుమలు, గుండెకి మంచివి. డబ్బా మీద రాసే ఉంది గదా!” అనేది. బావ బుద్ధిగా తినేవాడు.

మూడు నెలలు గడిచాయి. నేను దర్జీపని చేస్తాను, బావ ప్యాంట్లన్నీ నేనే కుడతాను. పరీక్షకి వారం ముందు, “మరదలా, నడుము కాస్త వదులు చెయ్యి,” అని పంపించాడు. కొలిస్తే అంగుళమున్నర పెరిగింది. నాకు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. ఇది నా బుద్ధితక్కువ.

పరీక్షలో రెండు వందల అరవై వచ్చింది.

“రెండు నెలలు బండి ముట్టకు,” అన్నాడు డాక్టరు. “బస్సులు కడిగే దగ్గర ఉండు. అప్పటికీ దిగకపోతే ఇక స్టీరింగు సంగతి మర్చిపో.”

మా అక్క ఏం చెయ్యాలి? ఆలోచించాలి. ఆలోచించలేదు. “ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను చూడు!” అంది. బావ జేబులు తిరగేసింది. టిఫిను సంచి దులిపింది. ఇంటికి రాగానే నోరు తెరవమని వాసన చూసింది, చిన్నపిల్లాడికి చూసినట్టు. ఆయన ఒట్టేశాడు, నమ్మలేదు. ఒకరోజు మధ్యాహ్నం తిన్నగా డిపోకి వెళ్ళి, క్యాంటీను ముందు నిలబడి, రెండు షిఫ్టుల డ్రైవర్లూ కండక్టర్లూ వింటుండగా గొంతు చించుకుంది.

“మా ఆయనకి చాటుగా మిఠాయి అమ్ముతున్నదెవరే? ఇంట్లో నేను కడుపు కట్టి పెడుతుంటే ఈయన ఇక్కడ దొంగతిండి తింటాడా! సిగ్గులేదూ, ఇంత వయసొచ్చి!”

క్యాంటీను నడిపే ఆవిడ చేతిలో గరిట కింద పెట్టేసింది. బావ చేతిలో నీళ్ళ పైపుంది. ఎదురుగా ఆయన బస్సే, ఇంకొకడు నడిపి తెచ్చి కడగమని నిలబెట్టింది. ఆయన చక్రాలు కడుగుతూనే ఉన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

ఆ ఆదివారం పొద్దున నేను ప్యాంట్లు ఇవ్వడానికి వెళ్ళాను. ఇద్దరికీ మాటల్లేవు. బావ గిన్నె ముందు కూర్చునున్నాడు. అక్క ఉన్న పాలన్నీ ఆయనకే పోసేసి, నాకు ఉత్త ముద్దలే ఒక గిన్నెలో వేసి తోసింది. “తిని పో. పాలు పడవన్న వంక కూడా లేదివాళ,” అంది. ఆకలి మీదున్నాను, ఒక ముద్ద కొరికాను. పళ్ళు జివ్వుమన్నాయి.

“ఛీ! ఏం తీపే ఇది!”

“మూడు గీతలదే. తక్కువే.”

“దేనికంటే తక్కువ?”

“నాలుగు గీతలదానికంటే.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. “అక్కా, దీన్ని నువ్వెప్పుడైనా నోట్లో పెట్టుకున్నావా?”

“వాసనకే వాంతొస్తుంది నాకు. ఇరవయ్యేళ్ళ పైనే అయింది.”

“ఇప్పుడు పెట్టుకో. నా ఎదురుగా తిను!”

తింది. నాలుగుసార్లు నమిలి ఆగిపోయింది. మింగలేక, ఉమ్మలేక నా మొహం చూసింది.

“గీతకి చక్కెరెంత?” అన్నాను.

“పది కిలోలు.” లెక్కలన్నీ ఆమెకి నోటికే వచ్చు.

“ఫ్లేక్సో?”

“బ్యాచికి డెబ్బై...” అంటూనే ఆమె లెక్క కట్టడం మొదలెట్టింది. డెబ్బైకి ముప్పై. మొత్తం వంద కిలోల సరుకులో ముప్పై కిలోలు చక్కెర. “ఇవి అడుగు ముద్దలే. పాకమంతా జారి అడుక్కే చేరుతుంది. వీటిలో సగానికి సగం ఉంటుంది,” అంది. వేళ్ళు మడిచింది. ఒక చెయ్యి అయిపోయింది, రెండో చెయ్యీ అయిపోయింది. బావ ముందున్న గిన్నెలో పది చెంచాల చక్కెర తేలింది. రోజూ. టీలో ఒక్క చెంచా పడనివ్వని మనిషి, పొద్దున్నే పది చెంచాలు తన చేత్తో పెట్టి, తిను తినని దగ్గర కూర్చుని తినిపించింది!

“ఇన్నేళ్ళు నీ చేత్తో పోశావు, నీకు కళ్ళు లేవా?” అని అరిచాను.

“గీతలు చూశానే. గిన్నె చూడలేదు.”

బావ చెంచా కింద పెట్టాడు. “నాకు తియ్యగానే ఉండేది,” అన్నాడు నెమ్మదిగా. “అన్నీ లాగేసుకున్నావు. తియ్యగా ఉందంటే ఇదీ లాగేసుకుంటావని నోరెత్తలేదు. అది నా తప్పే. కానీ నన్ను దొంగని చేశావు గదే. ఊరందరి ముందూ.”

అక్క ఏడవలేదు. ఆమెకి ఏడుపు బదులు కోపమొస్తుంది, మా ఇంటి జబ్బది. సోమవారం పొద్దున యూనిఫారం వేసుకుని తిన్నగా సూపర్‌వైజరు గదిలోకి వెళ్ళింది. అక్కడ జరిగింది అక్కా చెప్పింది, గుమ్మం దగ్గర నిలబడి విన్న, డ్రమ్ము దగ్గర పనిచేసే ఇంకో ఆవిడా చెప్పింది. ఇద్దరి మాటా ఒకటే.

“పెద్దల డబ్బా మీద గుండెబొమ్మ ఎందుకేశారు సార్?”

“గోధుమ గుండెకి మంచిదమ్మా.”

“గోధుమ మంచిదే. నేను దాని నెత్తిన పోసేదో?”

“చక్కెర లేదని రాశామా ఎక్కడైనా? పక్కన చూడు, అంతా ఉంది. ఒకసారికి ముప్పై గ్రాములు తినాలి, అందులో చక్కెర తొమ్మిది గ్రాములు.”

అక్షరాలు చీమ కాళ్ళంత ఉన్నాయి. అక్క ప్యాకింగు కాటా మీద ముప్పై గ్రాములు తూచి తెచ్చి ఆయన బల్ల మీద పోసింది. అరచేతిలో పట్టేంత. “ఇది ఎవరి ఆకలికి సార్? పిచ్చుకకా? మనిషన్నవాడు ఇంతే తిని లేస్తాడా?”

ఆయనకి మండింది. “ఇక్కడి జీతం తింటూ తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?”

“తిన్నది నేను కాదు, మా ఆయన! గొడవంతా అదే!”

“ఆ ముద్దలు మనుషులు తినేవని ఎవరన్నారసలు? పశువుల దాణాకి పంపేవి. మీరు అడిగారని పోనీలే అని ఇస్తున్నాం.”

నేనైతే ఆ కాటా తెచ్చి ఆయన నెత్తిన వేసేదాన్ని. ఇరవై ఆరేళ్ళు శనివారం శనివారం సంచులు నింపి పంపినవాళ్ళు, ఒక్కనాడైనా ఈ మాట చెప్పారా? పాకం గీత దాటితే జీతం కోస్తారు, గొట్టం మీద అంత పెద్ద గీతలు గీస్తారు. తినేవాడికి తెలియాల్సింది మాత్రం భూతద్దం పెట్టుకుని వెతుక్కోవాలి. కోతిబొమ్మ చూసి చంటిపిల్లలు ఏడ్చి మరీ కొనిపించుకుంటారు. గుండెబొమ్మ చూసి జబ్బు మనుషులు నమ్మి కొంటారు. వాళ్ళ కడుపులు కాల! నమ్మినవాణ్ణే ముంచుతారు.

ఆ శనివారం అక్క గేటు దగ్గర బారులో ఉన్న ప్రతి మనిషికీ చెప్పింది. నలుగురు సంచులు మడిచి పెట్టేశారు. మిగతావాళ్ళు వినలేదు. పై వారం యాజమాన్యమే సంచులు ఆపేసింది. అప్పుడు ఆ బారంతా యాజమాన్యాన్ని కాదు, మా అక్కని తిట్టింది, పిల్లల నోటికాడి కూడు తీసిందని. అక్కని డ్రమ్ము దగ్గర నుంచి తీసి డబ్బాలు మడిచే బల్లకి మార్చారు. ఇప్పుడు రోజంతా గుండెబొమ్మలే మడుస్తోంది.

ఇంట్లో బావ పొద్దున తిండి మారింది. అక్క తినేదే. రెండు గుడ్లు, వేరుశనగలు. ఒక్కోరోజు ఓట్స్ ఉప్పేసి ఉడికించి, గట్టి పెరుగు, దోసకాయ ముక్కలు. మొదటి వారం తలనొప్పి, విసుగు, “గడ్డి తిన్నట్టుంది” అని సణుగుడు. తర్వాత సర్దుకున్నాడు. కానీ అక్క చేత్తో పెట్టింది తినేవాడు కాదు. “నేనే ఉడకబెట్టుకుంటాను” అని గిన్నె తీసుకునేవాడు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. మాత్రలు అవే, నడక అదే.

రెండు నెలలకి పరీక్షలో నూట ఇరవై నాలుగు.

“ఏం చేశావయ్యా?” అన్నాడు డాక్టరు.

“ఏం లేదండీ. మా ఆవిడ తిండి పెట్టడం మానేసింది.”

డాక్టరు పడీ పడీ నవ్వాడు. బయట బెంచీ మీద అక్కకీ నాకూ వినబడింది. అక్క తల వంచుకుంది. నాకూ నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున బావకి బస్సిచ్చారు. మేమిద్దరం డిపోకి వెళ్ళాం. అక్కని చూడగానే క్యాంటీనావిడ కౌంటరు వెనక్కి జరిగింది. అక్క బస్సు ముందు నిలబడి గొంతెత్తింది. “అందరూ వినండి. మా ఆయన ఇక్కడ ఏమీ తినలేదు. ఈయమ్మ ఏమీ అమ్మలేదు. చక్కెర పెట్టింది నేను. నా చేత్తో రోజూ నేనే పెట్టాను. దొంగ అన్నది నా నోరు, తప్పు నాది.”

బావ స్టీరింగు వెనక నుంచి హారను కొట్టాడు. “టైమైంది. ఎక్కుతారా, అడ్డు లేస్తారా?”

ఎక్కాం. చివరి స్టాపు దాకా ఆయన వెనక్కి తిరగలేదు. అందరూ దిగాక ఇంజను ఆపి, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి మాట్లాడాడు.

“అన్నావు. బాగుంది. కానీ నువ్వు దొంగ అన్నరోజు రెండు షిఫ్టులూ ఉన్నాయి. ఇవాళ విన్నది ఒక్క షిఫ్టే.”

అక్క సీట్లోంచి లేచింది. “రెండో షిఫ్టు ఎన్నింటికొస్తుంది?” అంది.

“రెండింటికి.”

అక్క ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది.