చేతి మీద సుద్దగీత

మా అక్కకి నోట్లో నాలుక లేదంటారు మా వీధివాళ్ళు. అది అబద్ధం. నాలుక ఉంది, వాడదు, అంతే. ముప్పై ఏళ్ళుగా మెడలో కొలత టేపు వేసుకునే తిరుగుతుంది కాబట్టి అందరికీ ఆమె టేపక్క. ఓసారి టేపు తీసేసి బజారుకు వెళితే, రోజూ మా ఇంటికి పాలు పోసే అతనే గుర్తుపట్టలేదు.

మాది రోడ్డు మీదికి తెరుచుకునే ఒక్క గది షాపు. రెండు మిషన్లు, కత్తిరింపు బల్ల, నిలువుటద్దం, తెర వెనక కొలతలు తీసుకునే చోటు. అక్క కత్తిరిస్తుంది, నేను కుడతాను. వచ్చినవాళ్ళతో మాట్లాడటం, పుస్తకంలో కొలతలు రాయడం కూడా నా పనే. ఇద్దరిలో నోరున్నదాన్ని నేనే మరి. పైన రెండు గదుల్లో అక్క, నేను, నా కూతురు ఉంటాం. అక్కకి పిల్లల్లేరు. నా కూతురికి జ్వరమొస్తే మాత్రం నన్ను కాదు, పెద్దమ్మనే పిలుస్తుంది.

అక్కకి ఒక చాదస్తం. పుస్తకంలో కుడి, ఎడమ అని రాయనివ్వదు. ఎవరికైనా ఒక భుజం దిగి ఉన్నా, ఒక చెయ్యి పొట్టిగా ఉన్నా, సుద్దముక్క తీసుకుని వాళ్ళు వేసుకున్న బట్ట మీదే ఆ పక్కన గీత గీస్తుంది. తర్వాత వాళ్ళు తెచ్చిన గుడ్డను ఆ గీతకు ఆనించి, దాని మీదా గీస్తుంది. "ఎదురుగా నిలబడినవాళ్ళ కుడి మనకి ఎడమవైపు ఉంటుందే. పుస్తకం తికమకపడుతుంది. సుద్ద పడదు" అంటుంది. నాకు నవ్వొచ్చేది. పది చదివినదాన్ని, ఆమాత్రం కుడిఎడమలు తెలియవా అనుకునేదాన్ని.

లెక్కల టీచరు వచ్చిన రోజు అక్క పైన జ్వరంతో పడుకుని ఉంది. రిటైరైన ఆవిడ, సన్నగా, ఎండుపుల్లలా ఉన్నారు. "కిడ్నీలు పోయాయమ్మా. వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేస్తారు. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. ఆ హాల్లో చలి. పొడుగు చేతుల చొక్కాలు కావాలి, కానీ సూదులు గుచ్చే చెయ్యి మాత్రం పైనుంచి కిందిదాకా టిచ్ బటన్లతో తెరుచుకోవాలి" అన్నారు. ఆ చెయ్యి చాపి చూపించారు. నేను ఎదురుగా నిలబడి కొలతలు తీసుకుని 'కుడి' అని రాశాను. సుద్ద నా చేతికి అందేంత దూరంలోనే ఉంది.

అక్క మర్నాడు లేచి, పుస్తకం చూసి, ఏ చెయ్యి అని నన్ను మరోసారి అడిగింది. "రాశాను కదా" అని కసిరాను. ఆమె కత్తిరించింది, నేను కుట్టాను. ఐదు చొక్కాలకి అరవై టిచ్ బటన్లు బిగించాను. టీచరు వచ్చి, మడతలు విప్పకుండానే సంచిలో పెట్టుకుని, చాలా బాగున్నాయని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

నాలుగు నెలలకి ఆ సంచితో టీచరు కూతురు వచ్చింది.

"అమ్మ పోయి మూడు వారాలైంది. కిడ్నీ కోసం లిస్టులో ఉండగానే పోయింది" అంది. "ఇవి రెండో చేతికి తెరుచుకుంటున్నాయండి. ఒక్కటే వేసుకుంది, అదీ ఒక్కసారి. ఆ చెయ్యి అవసరమైనవాళ్ళు ఎవరైనా ఉంటే ఇచ్చేయండి."

"ఒక్క మాట చెప్పుంటే మార్చి ఇచ్చేవాళ్ళం కదమ్మా!" అన్నాను నేను, తప్పు వాళ్ళదే అన్నట్టు.

"నేనూ అదే అన్నానండి. అమ్మే వద్దంది. అంత శ్రద్ధగా కుట్టారు, తెలిస్తే బాధపడతారు, దుప్పటి కప్పుకుంటాలే అంది."

అక్క పుస్తకం తెరిచింది. నా రాత చూసింది. మూసేసింది. "నా పొరపాటే తల్లీ" అంది.

ఆ నిమిషంలో నేనేం చేశానో చెప్తాను. సూదిలో దారం ఎక్కించాను. ఎక్కిన దారం లాగేసి మళ్ళీ ఎక్కించాను.

చొక్కా వల్ల ఎవరూ చనిపోరు. అది నాకు తెలుసు, అక్కకీ తెలుసు. అయినా ఆ తర్వాత మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. నాకైతే ఏడుపు రాలేదు, నిద్రా చెడలేదు. తిమ్మిరెక్కిన కాలు మీద నిలబడినట్టు రోజులు గడిచాయి. ఎవరైనా ఎడమ అంటే మాత్రం ఉలిక్కిపడేదాన్ని. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

అక్క ఆ చొక్కాలు పట్టుకుని రక్తం శుభ్రం చేసే హాలుకి వెళ్ళింది. కుడి చేతికి సూదులు గుచ్చుకునేవాళ్ళని వెతికి ఇచ్చి వచ్చింది. వారం తర్వాత అన్నం తింటూ, "ఒక కిడ్నీ ఇద్దామనుకుంటున్నాను" అంది.

"ఎవరికి?"

"తెలీదు. ఎవరికి సరిపోతే వాళ్ళకి. పేరు చెప్పరట."

నేను కంచం తోసేశాను. "పెద్ద దానకర్ణుడివి బయల్దేరావు! నీకేమైనా అయితే? ముక్కూమొహం తెలియనివాళ్ళకి కోసి ఇస్తావా? రేపు దీనికే అవసరమైతే?" అని నా కూతుర్ని చూపించాను.

అక్క నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "అప్పుడు నీవి రెండున్నాయిగా" అంది.

నా కూతురు ఫక్కున నవ్వింది.

ఇస్తానంటే మర్నాడే కోసేస్తారనుకున్నాను. నాలుగు నెలలు పరీక్షలే పరీక్షలు. చివరికి కమిటీ ముందుకు పిలిచారు. ఒక డాక్టరమ్మ, ఒక లాయరు, ఒక మనసు డాక్టరు. ఇంట్లోవాళ్ళతో విడిగా మాట్లాడాలని ముందు నన్ను లోపలికి పిలిచారు. ఎవరైనా బలవంతం చేశారా, ఏమైనా ఆశ చూపించారా అని లాయరు అడిగితే లేదన్నాను. అప్పుడు మనసు డాక్టరు కళ్ళజోడు తీసి అడిగాడు.

"ఏదైనా తప్పు చేశానన్న బాధతో ఇస్తున్నారా? అలాంటివాళ్ళ దగ్గర మేం తీసుకోమమ్మా. కిడ్నీ పోతుంది గానీ బాధ పోదు."

వెతకబోయిన తీగ కాలికే తగిలింది. ఒక్క మాట చాలు, అక్క ఒళ్ళు అక్కకి మిగులుతుంది.

"బాధే సార్" అన్నాను. "మా అక్క ఒక పొరపాటు చేసింది." చొక్కాల సంగతి మొత్తం చెప్పాను, ఒక్కటి తప్ప. నాలుక తడబడలేదు.

అక్కని లోపలికి పిలిచారు. చెల్లెలు చెప్పింది నిజమేనా అని నేను చెప్పిందంతా వినిపించారు. అక్క ఒకసారి నా వైపు చూసింది.

"నిజమే. నా పొరపాటే" అంది.

ఆ రోజు షాపులో అన్న మాటే, అదే గొంతు. డాక్టరమ్మ ఫైలు మూసింది. "అయితే ఇది కుదరదమ్మా" అంది. నేను గెలిచాను. అక్క మెడలో టేపు కొసను వేలికి చుట్టుకుంది, విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"రాసింది నేనండీ" అన్నాను.

ముగ్గురూ నావైపు తిరిగారు. "కుడి అని రాసింది నేను. ఆమె మళ్ళీ అడిగితే కసిరాను. ఆమెది తప్పేం లేదు." చెప్పేశాక ఏదో బరువు దిగుతుందనుకున్నాను. ఏమీ దిగలేదు.

"మరి ఎందుకు ఇస్తున్నారు?" అని డాక్టరమ్మ అక్కని అడిగింది.

"చొక్కాలు ఇవ్వడానికి వెళ్తే అక్కడ పద్నాలుగు మంచాలున్నాయి. అందరూ గడియారం వైపే చూస్తున్నారు. నాకు రెండున్నాయి, ఒకటి చాలన్నారు. అందుకే."

"వాళ్ళని చూస్తే ఏమనిపించింది?"

అక్క టేపు కొసను వదిలేసింది. "ఏమీ అనిపించలేదండి. ఏదో ఒకటి అనిపిస్తేనే ఇవ్వాలా?"

మనసు డాక్టరు రాయడం ఆపాడు. "అక్కర్లేదు" అన్నాడు. "వద్దనుకుంటే బల్ల ఎక్కాక కూడా వద్దనొచ్చు. అది గుర్తుంటే చాలు." తర్వాత నా వైపు తిరిగి, "మీరు ఇస్తానంటే మాత్రం తీసుకోమమ్మా" అన్నాడు. వేళాకోళానికి అనలేదు.

కాగల కార్యం గంధర్వులే తీర్చారంటారు. చెడగొట్టడానికి వెళ్ళి కుదిర్చి వచ్చాను. అక్కని ఇంకో రెండుసార్లు పిలిచి మాట్లాడి, సరేనన్నారు. ఆ మొదటి రోజు తిరిగొస్తూ బస్సులో అడిగాను, "అలా ఒప్పుకుంటే వద్దంటారని నీకు తెలుసుగా?"

"తెలుసు."

"మరి?"

"నీ మీద చెప్పమంటావా?" అని కిటికీ వైపు తిరిగింది.

ఆపరేషన్ అయిన మర్నాడు డాక్టరమ్మ వచ్చి, అవతలి మనిషికి బాగా పనిచేస్తోందని చెప్పింది. అక్క "సరే" అంది. నాకూ ఏమీ అనిపించలేదు. ఆమె గోరువెచ్చటి పాదం పట్టుకుని కూర్చున్నాను.

"వీళ్ళూ గీస్తారే" అంది అక్క. "కోసే ముందు ఏ పక్కో ఒంటి మీద పెన్నుతో గీశారు. నన్నే చూపించమన్నారు."

కట్టు మార్చేటప్పుడు గౌను మొత్తం ఎత్తాల్సి వస్తోంది. పక్కన తెరుచుకునేలా కుడితే బాగుంటుందంది నర్సు. ఇంటినుంచి ఒక గౌను, సుద్దముక్క తెచ్చాను. పుస్తకం తేలేదు. గౌనును అక్క మీద పరిచి, "ఎక్కడో చూపించు" అన్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని కట్టు మీద ఆనించింది. నేను గీత గీశాను.

ఆ టీచరు దగ్గర కూడా ఇంతే పని. ఆమె చెయ్యి చాపే నిలబడ్డారు.