కిటికీ మూసుకుని చేసిన అరోరా

నా పరువు పోయిన సందర్భాలు చాలానే ఉన్నాయి గానీ, ఆకాశానికి వంకలు పెట్టి పోగొట్టుకున్నది మాత్రం ఒక్కటే. ఆ రోజు వాగిన వాగుడు తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. చదివాక మీకూ అనిపిస్తే మొహమాటపడకండి.

దేశం కాని దేశంలో, జార్‌బ్రూకెన్ అనే ఊళ్లో మాస్టర్స్ చదివే రోజులవి. కంప్యూటర్‌లో ప్రకృతి దృశ్యాలను అచ్చం నిజంలా సృష్టించే ల్యాబ్‌లో థీసిస్‌కి ఒకే ఒక్క సీటు ఉంది. దానికి ఇద్దరం పోటీ: భీమవరం నుంచి వెళ్లిన నేను, మా హాస్టల్లో పక్క గదిలో ఉండే హైదరాబాద్ సమీర్. చెరొక అరోరా బొమ్మ చేసి చూపించాలి. అదేనండీ, ధ్రువాల దగ్గర ఆకాశంలో వెలుగు తెరలు వేలాడతాయే, అది. నేను దాన్ని జన్మలో చూడలేదు. అయితేనేం, ఇంటర్నెట్‌లో వందల ఫోటోలు చూశాను కదా, అరోరాని నేనే కనిపెట్టినంత పొగరు.

జనవరి నెల, సాయంత్రం ఏడింటికే కటిక చీకటి. స్క్రీన్ మీద రంగులు సరిగ్గా తెలియాలని కిటికీకి రోలాడెన్, అంటే ఇక్కడి ఇళ్లకుండే షట్టర్, కిందిదాకా దించేసి కూర్చున్నాను. సమీర్ వచ్చి తలుపు బాదాడు.

"అరే కాంతూ, జల్ది బయటికి రా! ఆకాశం మొత్తం ఎర్రగైంది. అరోరా రా బై!"

"ఇక్కడ అరోరా ఏంట్రా, అదీ ఎరుపా? ఏ ఫ్యాక్టరీ లైట్లో అయ్యుంటాయి. పోరా బాబూ, నాకు పనుంది."

"బిల్డింగ్ అంతా కిందనే ఉన్నరు యార్. ఒక్క నిమిషం చూసిపో!"

"ఆకాశం నువ్వు చూసుకో. సీటు నేను చూసుకుంటా."

ఎంత గొప్పగా అన్నానో అని కాసేపు మురిసిపోయాను కూడా. అప్పటికి నా స్క్రీన్ మీద అరోరా బఠాణీ రంగులో, ఇస్త్రీ చేసి తగిలించిన కర్టెన్‌లా వేలాడుతోంది.

వారం తర్వాత ఆ ల్యాబ్ ప్రొఫెసరమ్మ దగ్గర మా ఇద్దరికీ టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్. ఆవిడ మా బొమ్మలు పక్కనపెట్టి, తెర మీద ఇంకో చిత్రం వేసింది.

"ఇది ఫోటోనా, కంప్యూటర్ బొమ్మా? కారణాలతో చెప్పండి."

సమీర్ నోరు తెరిచేలోపు నేను లేచాను. వాడి పాత ప్రయత్నమేదో అయ్యుంటుందని నాకు నేనే తేల్చేసుకున్నాను.

"కంప్యూటర్ బొమ్మే మేడమ్, అదీ నాసిరకం. ఆ ఎరుపేంటి, పెళ్లి పందిట్లో లైటేసినట్టు? తెరలేవి? మడతలేవి?"

"ఇంకా?"

అక్కడ ఆగినా బతికిపోయేవాణ్ని. ఆగితే నేనెందుకవుతాను!

"అసలు తప్పు కింద ఉంది మేడమ్. జనమంతా బయట నిలబడి ఆకాశం చూస్తున్నారు. మూడో అంతస్తులో మాత్రం ఒక కిటికీకి రోలాడెన్ దించి ఉంది, సందుల్లోంచి లైటు కూడా వస్తోంది. నెత్తి మీద అరోరా పెట్టుకుని ఏ వెధవైనా షట్టర్ దించుకుని గదిలో కూర్చుంటాడా? ఇది చేసినవాడికి మనుషుల గురించి బొత్తిగా తెలీదు!"

ప్రొఫెసరమ్మ సమీర్ వైపు తిరిగింది. "ఈ ఫోటో మీరు మీ హాస్టల్ ముందు తీసిందే కదా. ఆ గది ఎవరిది?"

 పాపం, చెప్పడానికి వాడికే సిగ్గేసింది. చివరికి నేనే మెల్లగా చెయ్యెత్తాను.

ఆవిడ నన్నూ, తెర మీది కిటికీనీ మార్చి మార్చి చూసింది. "మీరు చెప్పిన చివరి కారణం చాలా బలంగా ఉంది. మిమ్మల్ని చూడకపోతే నేను కూడా నమ్మేదాన్ని కాదు," అని సీటు సమీర్‌కి ఇచ్చింది.

ఆనాడే రోలాడెన్ పట్టీ చేతబట్టి ప్రమాణం చేశాను: ఇకపై ఎవరు బయటికి రమ్మన్నా, ఎందుకని అడగను, చెప్పులేసుకోవడానికైనా ఆగను. మొన్న కింది ఇంటావిడ, చెత్త వేరు చెయ్యకుండా పడేశానని తిట్టడానికి బయటికి పిలిచింది. పరిగెత్తుకుంటూ వెళ్లి, ముందు ఆకాశం చూశాను.